స్వస్థత రాని ఇంట్లో ప్రార్థన

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

2020 మార్చిలో మందిరాల తలుపులు మూసుకున్నప్పుడు ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఆరాధన ఎలా జరుపుకోవాలన్న సందేహంతో ఉండేవి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దశ మన ఇళ్లలోకి వచ్చి వెళ్లిన తరువాత అందుతున్న ఉత్తరాలు వేరుగా ఉన్నాయి. వీటిలో పద్ధతి గురించిన ప్రశ్నలు తక్కువ. దేవుణ్ణే నిలదీస్తున్నవి ఎక్కువ. వాటిని అలాగే రాసి పంపినందుకు పాఠకులకు కృతజ్ఞతలు. ఒకే రకమైన ఉత్తరాలను కలిపి, రాసినవారి పేర్లు తీసివేసి, ఈ సంచికలో వీలైనన్నింటికి జవాబిస్తున్నాను. ఒక ఉత్తరానికి మాత్రం ఎక్కువ చోటు కేటాయించాను. ఎందుకో చదివినవారికి తెలుస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు 91వ కీర్తన అచ్చువేసిన వాగ్దాన క్యాలెండరును గుమ్మం పక్కన తగిలించారు. ‘ఏ తెగులును నీ గుడారమును సమీపించదు’ అని దేవుడే చెప్పాక మాస్కు ఎందుకు, టీకా ఎందుకు అంటున్నారు. వేయించుకుందామన్న మమ్మల్ని విశ్వాసం లేనివాళ్లమని తప్పుపడుతున్నారు. ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: ముందుగా, మీ అత్తగారి విశ్వాసాన్ని ఇంట్లో ఎవరూ తేలిక చేయకండి. వీధిలో అంబులెన్సు కూత ఆగని రాత్రుల్లో ఆ కీర్తన చదువుకొని కళ్లు మూసుకోగలిగిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ‘మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు’ అన్న మొదటి వచనం భయంలో ఉన్న మనిషి కోసమే ఉన్నది. క్యాలెండరును అక్కడి నుంచి తీయించవలసిన పని లేదు. దాన్ని తాయెత్తుగా వాడుకోవచ్చా అన్నదే మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకోవలసిన సంగతి.

ఈ కీర్తనను సువార్తలలో ఎత్తి చూపినవాడెవడో మత్తయి 4వ అధ్యాయంలో ఆవిడతో కలిసి చదవండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమనీ, దూతలు తమ చేతులతో ఎత్తి పట్టుకుంటారనీ ఈ కీర్తనలోని 11, 12 వచనాలను వల్లించినవాడు అపవాది, అంటే సాతాను. ఆ వచనాలు అబద్ధమని యేసు అనలేదు. ద్వితీయోపదేశకాండములోని మాటతో, ‘ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు’ అని బదులిచ్చి, శిఖరం మీద నుంచి దూకకుండా నిలబడ్డాడు. వాగ్దానాన్ని నమ్మడం వేరు, ఆ వాగ్దానం నిజమో కాదో తేల్చుకోవడానికి దేవుణ్ణి పందెంలోకి లాగడం వేరు. కిక్కిరిసిన ప్రార్థన కూడికలో మాస్కు తీసేసి ‘నాకేమీ కాదు’ అనడం రెండోదానికే దగ్గరగా ఉంటుంది. పైగా ఆ పందెంలో పోయేది పక్కన కూర్చున్న ముసలావిడ ప్రాణం కావచ్చు.

మందుకూ ప్రార్థనకూ పోటీ పెట్టే అలవాటు మన సంఘాల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, బైబిలు నుంచి మాత్రం రాలేదు. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో యూదా రాజు హిజ్కియా మరణకరమైన రోగంతో గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని యెషయా ద్వారా చెప్పాడు. ప్రార్థనకు జవాబు వచ్చేసింది కదా అని ప్రవక్త ఊరుకోలేదు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం ప్రార్థించుకోమని మాత్రమే చెప్పి వదిలిపెట్టలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయాన్ని జేనా నగరానికి తరలించారు. ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ మాత్రం గర్భవతిగా ఉన్న భార్యతో సహా అక్కడే ఉండి రోగులను చూసుకున్నాడు. తెగులు వస్తే క్రైస్తవుడు ఊరు విడిచి పారిపోవచ్చా అని బ్రెస్లావ్ నుంచి కాపరులు అడిగితే ఆయన బహిరంగ లేఖ రాశాడు. దేవుడు దయతో కాపాడాలని ముందు ప్రార్థిస్తాననీ, ఆ తరువాత పొగ వేసి గాలి శుభ్రపరుస్తాననీ, మందు ఇస్తాననీ, తానూ పుచ్చుకుంటాననీ, తన అవసరం లేని చోటికి వెళ్లి ఇతరులకు రోగం అంటించననీ, పొరుగువాడికి తన అవసరం ఉంటే మాత్రం వెనకాడననీ అందులో చెప్పాడు. మందు తీసుకోకుండా తెగించేవారిని ఆయన విశ్వాసవీరులని మెచ్చుకోలేదు, దేవుణ్ణి శోధించేవారని మందలించాడు.

ఇక టీకాలో మృగపు ముద్ర ఉందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటకు ఎక్కువ చోటు ఇవ్వదలచుకోలేదు. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని ముద్ర మృగానికి నమస్కరించినవారు కుడిచేతి మీదనో నొసటి మీదనో వేయించుకునేది. ఏఎన్‌ఎం గారు భుజానికి వేసే సూదికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మీ అత్తగారితో వాదించి గెలవాలని చూడకండి. టీకా కేంద్రానికి ఆవిడను మీరే వెంటబెట్టుకొని వెళ్లండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఆ అరగంటలో ఆ 91వ కీర్తననే ఆవిడ చేత చదివించండి.

ప్రశ్న: ఏప్రిల్ నెలాఖరులో మా వారికి జ్వరం వచ్చి, ఆక్సిజన్ పడిపోయి ఆసుపత్రిలో చేర్చాం. సంఘమంతా ఒకరి తరువాత ఒకరు ఆగకుండా చైన్ ప్రేయర్ చేసింది. నేను ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఆయన దక్కలేదు. ముఖం కూడా సరిగా చూడనివ్వకుండా కవరులో చుట్టి తీసుకువెళ్లారు. ఇప్పుడు మందిరం తెరిచారు. ప్రతి ఆదివారం కోలుకున్నవారు లేచి, దేవుడు మా ప్రార్థన విన్నాడని సాక్ష్యం చెబుతున్నారు, అందరూ హల్లెలూయా అంటున్నారు. మరి నా ప్రార్థన వినలేదా అయ్యగారూ? విశ్వాసం చాలలేదని ఒక సంఘపెద్ద నా ఎదుటే అన్నారు. మోకాళ్లూనితే నోట మాట రావడం లేదు.
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆ పెద్దాయన అన్న మాట తప్పు. దానికి సర్దుబాటు ఏమీ లేదు. ‘విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును’ అన్న యాకోబు పత్రికలోని మాటను పట్టుకొని అలా అని ఉంటారు. కానీ ఆ మాటను చనిపోయినవారి ఇళ్లమీద తీర్పుగా వాడుకుంటే అపొస్తలులే ముందుగా దోషులవుతారు. రోగులను స్వస్థపరచిన పౌలు తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వెళ్లవలసి వచ్చింది. తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నప్పుడు ఆయనకు దొరికినది ముల్లు లేని శరీరం కాదు, ‘నా కృప నీకు చాలును’ అన్న మాట. ఇంకోవైపు మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని సగం విశ్వాసంతోనే మొరపెట్టుకున్నాడు, అతని కొడుకు బాగుపడ్డాడు. విశ్వాసాన్ని తూకం వేసి, ఇంత ఉంటే స్వస్థత, ఇంత తగ్గితే మరణం అని లెక్కగట్టే పద్ధతి లేఖనాల్లో లేదు. మీరు ఉపవాసముండి చేసిన ప్రార్థనలో లోపం వెతకవలసిన అవసరం మీకు గానీ, మరెవరికి గానీ లేదు.

మరి నా ప్రార్థన వినలేదా అని అడిగారు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఒకసారి తీయండి. అందులో మనం ఎప్పుడూ పేతురు కథే చెప్పుకుంటాం: చెరసాల, దూత, రాలిపోయిన సంకెళ్లు, సంఘం ప్రార్థన చేస్తున్న ఇంటి తలుపు తట్టడం. కానీ అదే అధ్యాయం రెండో వచనంలో, యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు ఖడ్గంతో చంపించాడని ఒక్క వాక్యంలో రాసి ఉంది. అదే రాజు, అదే ఊరు, అదే సంఘం. ఒకరు విడుదలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎందుకిలా జరిగిందో ఆ గ్రంథం రాసిన లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. యాకోబు విశ్వాసం తక్కువనీ అనలేదు, పేతురుది ఎక్కువనీ అనలేదు. తన ఇద్దరు కుమారులనూ నీ కుడివైపునా ఎడమవైపునా కూర్చోబెట్టుకోమని యేసును అడిగిన తల్లి, ఆ యాకోబు తల్లి, అప్పటికి బ్రతికి ఉండి పేతురు తలుపు తట్టిన శబ్దం విన్నదనుకోండి. ఆమె సంతోషించి ఉంటుంది. ఆ సంతోషంతోపాటే మరొకటి కూడా ఆమె గుండెలో లేచి ఉంటుంది. ఆదివారం వెనక బల్ల మీద కూర్చొని హల్లెలూయా వింటున్న మీ స్థితి అదేనని నాకు అనిపిస్తున్నది. మీ వారు ఎందుకు చనిపోయారో నేను చెప్పలేను, చెప్పగలమన్నవారిని నమ్మకండి. దేవుడు మంచివారిని ముందే తీసుకుంటాడని ఆదరణ కూడికల్లో అలవాటుగా అనే మాటను కూడా మీరు ఒప్పుకోనక్కరలేదు.

మోకాళ్లూనితే మాట రావడం లేదన్నారు. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, అంటే ఏడుపులూ ఫిర్యాదులూ. మన ఆరాధనలో స్తుతి కీర్తనలకు చప్పట్లు ఉన్నాయి గానీ వీటికి చోటు లేకుండా పోయింది. దేవుడు నన్ను ఎన్నాళ్లు మరచిపోతాడు అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన అయితే ఎక్కడా తేరుకోదు, చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది; అలాంటి ప్రార్థననూ పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. ‘నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ అన్న 22వ కీర్తన మొదటి మాటను సిలువ మీద ప్రభువే పలికాడు. దేవుణ్ణి నిలదీసిన యోబును దేవుడు కోప్పడ్డాడనుకుంటాం గానీ, చివరి అధ్యాయంలో ఆయన కోపం రగిలినది దేవుడి పక్షాన వకాల్తా పుచ్చుకొని యోబు పాపాలు వెతికిన స్నేహితుల మీద. ఆ స్నేహితులు చేసిన మంచి పని ఒకటుంది: మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. మీ సంఘపెద్దగారు ఆ భాగాన్ని మళ్లీ చదివితే బాగుంటుంది.

లాజరు చనిపోయాక మార్త యేసుకు ఎదురువెళ్లి, ‘ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును’ అన్నది. మరియ కూడా అదే అన్నది. అది నిష్ఠూరమే. యేసు ఇద్దరిలో ఎవరినీ గద్దించలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నాడని తనకు తెలిసి కూడా వారితో కలిసి కన్నీళ్లు విడిచాడు. మీరు కూడా ఆ నిష్ఠూరపు మాటనే ప్రార్థనగా చెప్పవచ్చు. అది కూడా రాకపోతే ఊరికే కూర్చోండి. ‘ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో’ ఆత్మ మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతున్నది మాటలు దొరకని ఇలాంటి మనిషి గురించే. రోజుకొక కీర్తన, మనసు కలిసినా కలవకపోయినా, పైకి చదవండి. అంతకు మించి ఇప్పుడు మీ మీద ఏ భారమూ వేసుకోకండి. నడవలేని మనిషిని నలుగురు మంచంతో మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించినప్పుడు యేసు చూసినది ‘వారి విశ్వాసము’ అని మార్కు రాశాడు. కొన్నాళ్లు మీ తరఫున ఇతరులు ప్రార్థించాలి. అది మీ లోటు కాదు, వారి పని.

ఈ ఉత్తరం చదువుతున్న కాపరులకూ సంఘపెద్దలకూ కొన్ని మాటలు చెప్పాలి. సాక్ష్యాలు ఆపమని నేను అనను. కోలుకున్నవారు కృతజ్ఞత చెప్పుకోవలసిందే. కానీ ‘మేము ప్రార్థించాం గనుక దేవుడు బ్రతికించాడు’ అన్న వాక్యం వెనక బల్ల మీద కూర్చున్నవారికి ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. ‘నేను బ్రతికాను, దేవునికి స్తోత్రం, నా పక్క మంచం మీది సోదరుడు బ్రతకలేదు, అతని కుటుంబం కోసం ప్రార్థించండి’ అని చెప్పినా అది సాక్ష్యమే, బహుశా మరింత నిజమైన సాక్ష్యం. ఆరాధన క్రమంలో సాక్ష్యాలకు సమయం ఉన్నట్టే మొరకూ సమయం ఉండాలి; ఈ ఏడాది చనిపోయినవారి పేర్లు పైకి చదివి, 13వ కీర్తననో 130వ కీర్తననో సంఘమంతా కలిసి చదవడానికి ఐదు నిమిషాలు చాలు. పీపీఈ సూట్లలో ఉన్న నలుగురు తప్ప ఎవరూ లేకుండా భూస్థాపన జరిగిన ఇళ్లకు ఆలస్యంగానైనా ఆదరణ కూడిక పెట్టండి. సమాధుల పండుగ దాకా ఆగనక్కరలేదు. ఈ సోదరి ఇంటికి వెళ్లినప్పుడు వాక్యంతోపాటు చేయవలసిన పనులు కూడా ఉంటాయి: మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా మార్పు, ఎల్ఐసీ కాగితాలు, పిల్లల ఫీజులు. ఆ ఫారాలు నింపి ఆఫీసుల చుట్టూ ఆమెతో తిరగగల యవ్వనస్థులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు.

ప్రశ్న: ఈ తెగులు దేవుని తీర్పు అనీ, అంత్యదినాల సూచన అనీ మా యవ్వనస్థుల గ్రూపులో రోజూ వీడియోలు వస్తున్నాయి. కొందరు వాటిని అన్యులైన స్నేహితులకు కూడా పంపుతున్నారు. భయంతోనైనా జనం దేవుని వైపు తిరుగుతారు కదా అంటున్నారు. ఇది సరైనదేనా?
– ఒక యువకుడు, ఒంగోలు

జవాబు: సరైనది కాదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన వార్తను యేసు తానే ప్రస్తావించి, వారు యెరూషలేములో అందరికంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగాడు, కాదని తానే జవాబు చెప్పాడు. ఆ వెంటనే మారుమనస్సు గురించి మాట్లాడిన మాట నిజమే గానీ, ఎవరితో మాట్లాడాడో చూడండి: చచ్చినవారి గురించి కాదు, ఎదురుగా నిలబడి వార్త వింటున్నవారితో. తెగులు వచ్చినప్పుడు మారుమనస్సు పొందవలసినది వీడియో పంపేవాడా, అందుకునేవాడా అన్న ప్రశ్నకు ఆ అధ్యాయంలో జవాబు ఉంది.

పైగా ఇది తీర్పే అయితే సంఘాలలో ఇంతమంది కాపరులు, సువార్తికులు ఎందుకు పోయారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. మూడో శతాబ్దం మధ్యలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరంలో ఘోరమైన తెగులు వచ్చినప్పుడు, అన్యులకు వచ్చిన రోగమే మనకూ ఎందుకు వస్తున్నదని విశ్వాసులు కలవరపడ్డారు. ఈ లోకంలో ఉన్నంతకాలం శరీరానికి సంబంధించినవన్నీ మనుషులందరికీ ఉమ్మడివేనని అక్కడి బిషప్పు సిప్రియన్ వారికి చెప్పాడు. ఆ కాలంలోనే అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ రాసిన లేఖలో, రోగులను విడిచిపెట్టకుండా సేవచేసి, ఆ రోగమే అంటుకొని చనిపోయిన క్రైస్తవుల ప్రస్తావన ఉంది. ఆనాటి సంఘానికి మంచి పేరు వచ్చింది భయపెట్టినందుకు కాదు.

మీరు ఒంగోలు నుంచి రాశారు కాబట్టి మీ ఊరి చరిత్రే గుర్తుచేస్తాను. 1876–78 కరువులో జనం అలమటిస్తున్నప్పుడు అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. ఆయన కింద పనిచేసే తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎందరో అడిగారు. ఇవ్వలేదు. కూలి కోసమో కూటి కోసమో వచ్చారన్న మాట పడకూడదనీ, వారి విశ్వాసానికి ఆకలి కారణం కాకూడదనీ కరువు పనులు ముగిసేదాకా ఆగాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కష్టకాలంలో జనం దగ్గరికి వచ్చినప్పుడు వారి భయాన్ని వాడుకోకుండా పని చూపించి, అన్నం పెట్టి, ఆగగలిగిన మనిషి మీ ఊళ్లోనే ఉన్నాడు. మీ గ్రూపులో ఈ సంగతి పెట్టండి. వీడియోలు పంపే ఉత్సాహం ఉన్న యవ్వనస్థులకు రక్తదానం, క్వారంటైన్‌లో ఉన్న ఇళ్లకు భోజనం, మందుల చీటీ పట్టుకొని మెడికల్ షాపుకు వెళ్లడం లాంటి పనులు అప్పగించండి. అవి చేస్తూ వారి కోసం ప్రార్థించవచ్చు. ఆ ఇంటివారు అడిగితే వారితో కలిసి కూడా ప్రార్థించవచ్చు. అడగకపోతే భోజనం ఇచ్చి రండి.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మా కాపరిగారు ఫోనులో సంస్కార (ప్రభురాత్రి భోజన) ఆరాధన జరిపారు. మేము ఇంట్లో ఒక పళ్లెంలో రొట్టెముక్కలు, స్టీలు గ్లాసులో ద్రాక్షరసం పెట్టుకొని, ఆయన ప్రార్థించాక పుచ్చుకున్నాం. అది సంస్కారం కాదని మరో సంఘంవారు ఎగతాళి చేశారు. మేము పాపం చేశామా?
– ఒక సంఘపెద్ద, మహబూబాబాద్ జిల్లా

జవాబు: భయభక్తులతో చేసిన దాన్ని పాపమని నేను అనను, ఎగతాళి చేసినవారు చేసిన పనే నాకు ఎక్కువ అభ్యంతరకరంగా కనిపిస్తున్నది. ఈ విషయంలో సంఘాల మధ్య అభిప్రాయభేదం నిజమే. కతోలికుల దృష్టిలో గురువు లేనిచోట దివ్యపూజ లేదు. అందుకే టీవీలోనో ఫోనులోనో పూజ చూసేవారు మనసులోనే ప్రభువును స్వీకరించే ప్రార్థన చెప్పుకున్నారు. రొట్టె విరవడానికి స్థానిక సంఘం ఒకచోట కూడటమే ముఖ్యమని నమ్మే సహోదరుల (బ్రదరెన్) సంఘాలు చాలావరకు ఆగి ఎదురుచూశాయి. కొన్ని స్వతంత్ర సంఘాలు మీలాగే చేశాయి.

నన్ను అడిగితే, ఆగడమే మంచిదంటాను. మీ జిల్లాలోని డోర్నకల్ ప్రాంతానికి అక్కడి తొలి బిషప్ అజరయ్య కాలం నుంచీ ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘపు, వారసత్వం ఉంది. ఆ సంప్రదాయపు 1662 నాటి ప్రార్థన గ్రంథంలో రోగుల సంస్కార క్రమం చివర ఒక సూచన ఉంది. రోగి ఏ న్యాయమైన కారణం చేతనైనా సంస్కారాన్ని నోటితో తీసుకోలేకపోతే, తన పాపాలకు పశ్చాత్తాపపడి, క్రీస్తు తన కోసం మరణించాడని స్థిరంగా నమ్మి, కృతజ్ఞత చెల్లిస్తే, అతడు నోటితో పుచ్చుకోకపోయినా క్రీస్తు శరీర రక్తాలను తన ఆత్మకు మేలు కలిగేలా పుచ్చుకున్నట్టేనని కాపరి అతనికి బోధించాలి. లాక్‌డౌన్‌లో మనందరి పరిస్థితీ ఆ రోగి పరిస్థితే. ‘సమాజముగా కూడుట మానక’ అన్న హెబ్రీ పత్రిక హెచ్చరిక అలవాటుగా మానేసినవారి గురించినది, పొరుగువారి ప్రాణం కోసం కొన్నాళ్లు ఆగినవారి గురించినది కాదు. ఇప్పుడు మందిరం తెరిచారు కాబట్టి ఫోను సంస్కారాన్ని అలవాటుగా కొనసాగించకండి. మంచం పట్టినవారికీ, ఇంకా బయటికి రాలేని వృద్ధులకూ కాపరిగారు మాస్కు పెట్టుకొని, చేతులు శుభ్రం చేసుకొని ఇంటికే తీసుకువెళ్లి ఇవ్వవచ్చు.

ప్రశ్న: మేము కతోలికులం. మా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు ఫాదర్ గారిని లోపలికి రానివ్వలేదు. పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం), అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూయడం), దివ్యసత్ప్రసాదం ఏదీ లేకుండానే పోయారు. ప్రతి ఆదివారం పూజకు వెళ్లిన మనిషి. అమ్మ ఈ ఒక్క విషయమే తలచుకొని ఏడుస్తున్నది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నేను మీ సంఘానికి చెందినవాణ్ణి కాను గనుక, మీ సంఘమే చెప్పిన మాట చెబుతాను, మీ అమ్మగారికి అదే ఎక్కువ ధైర్యమిస్తుంది. 2020 మార్చి 20న వాటికన్‌లోని అపోస్టలిక పెనిటెన్షియరీ (పాపక్షమాపణ విషయాలు చూసే కార్యాలయం) ప్రకటించిన ఉత్తర్వు ఇలాంటి మరణాలను దృష్టిలో పెట్టుకున్నదే. అభ్యంగనమూ చివరి సత్ప్రసాదమూ పొందలేక చనిపోతున్నవారిని సంఘం దైవకరుణకు అప్పగిస్తున్నదనీ, వారు తగిన మనస్సుతో ఉండి, జీవితకాలంలో ఏవైనా ప్రార్థనలు చేసే అలవాటున్నవారైతే చాలుననీ, మరణ సమయంలో వారికి ప్లీనరీ ఇండల్జెన్స్, అంటే పాపాలకు మిగిలిన శిక్ష నుంచి పూర్తి విముక్తి, లభిస్తుందనీ అందులో ఉంది. ప్రతి ఆదివారం పూజకు వెళ్లిన మీ నాన్నగారికి ఇది వర్తించదని అనుకోవడానికి కారణమేమీ లేదు. ఆ వారం తరువాత, మార్చి 27న, వర్షంలో తడుస్తున్న ఖాళీ సెయింట్ పీటర్స్ చౌకులో ఫ్రాన్సిస్ పాపుగారు ఒంటరిగా ప్రార్థించినప్పుడు, 1522 ప్లేగులో రోము వీధుల్లో ఊరేగించిన సిలువను తెప్పించి అక్కడ నిలబెట్టారు. దగ్గర ఎవరూ లేకుండా చనిపోయిన ఎందరి కోసమో చేసిన ప్రార్థన అది. మీ విచారణ గురువుగారిని కలిసి నాన్నగారి పేరున దివ్యపూజ చేయించండి. అమ్మను ఆ పూజకు తీసుకువెళ్లండి.

ప్రశ్న: నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లోని మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ నుంచి ప్రార్థన మనవులు వస్తూనే ఉన్నాయి: ఆక్సిజన్ బెడ్ కోసం, ఇంజెక్షన్ కోసం, వెంటిలేటర్ మీద ఉన్నవారి కోసం. మొదట ప్రతిదానికీ ప్రార్థించేవాణ్ణి. ఇప్పుడు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి వదిలేస్తున్నాను. మనసు మొద్దుబారిపోయింది. ఇది ప్రార్థన అవుతుందా?
– ఒక సోదరుడు, డాలస్

జవాబు: ఆ బొమ్మ మనవి పెట్టినవారికి మీరు చూశారని తెలియజేస్తుంది; అంతవరకు మంచిదే, కానీ దాన్ని ప్రార్థన అనలేం. మొద్దుబారడం మాత్రం భక్తి తగ్గినందువల్ల కాదు. ఒక ఊరి కష్టమంతా ఒక్కరి అరచేతిలోకి గంట గంటకూ వచ్చి పడితే ఎవరి మనసైనా అలాగే అవుతుంది. ‘నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి’ అని ప్రభువు చెప్పిన మాటను ఇప్పుడు ఫోనును ఆ గది బయట పెట్టి పాటించవలసి ఉంది. వచ్చిన మనవులలో మీకు తెలిసిన ఒకటో రెండో కుటుంబాలను తీసుకోండి, పేర్లు కాగితం మీద రాసుకోండి, వారం పాటు వారి కోసమే ప్రార్థించండి. పేరు చెప్పి, ఆ రోజు ఆ మనిషికి ఏమి కావాలో అది అడగండి: ఊపిరి, నిద్ర, ఆసుపత్రి బిల్లుకు డబ్బు. తరువాత ఆ ఇంటికి ఫోను చేయండి. మీరున్న చోట రాత్రి తొమ్మిదైతే అక్కడ మరునాడు ఉదయం ఏడున్నర. ఇంట్లో ఎవరో ఒకరు మేలుకొనే ఉంటారు. డబ్బు పంపగలిగిన స్థితిలో ఉంటే, ప్రార్థించాక ఆ విషయం కూడా ఆలోచించండి.

మిగిలిన పేర్ల సంగతి ఏమిటంటారా? ప్రభువు నేర్పిన ప్రార్థన ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మొదలవుతుంది గనుక, అన్ని పేర్లూ మీ ఒక్కరే మోయనక్కరలేదు. గ్రూపు నడిపేవారికి రాసి, మనవులను కుటుంబాల వారీగా పంచమని చెప్పండి: ఒక్కొక్క కుటుంబానికి రెండేసి పేర్లు, వారానికి ఒకసారి మార్పు, ఎవరు కోలుకున్నారో, ఎవరు లేరో ఆదివారం సాయంత్రానికి ఒక చిన్న సమాచారం. చనిపోయినవారి ఇంటి పేర్లను జాబితాలో నుంచి తీసేయవద్దని కూడా చెప్పండి. వారి కోసం కనీసం ఏడాదిపాటు ప్రార్థన సాగాలి.